వదులు చేసిన కుట్లు

“ఊపిరి బిగబట్టకు నాన్నా! పొట్ట లోపలికి లాక్కుంటే కొలత మారుతుందేమో గానీ రక్తం మారదు.”

ముందుగదిలో కుట్టుమిషన్ పక్కన తండ్రి చొక్కా పైకెత్తి నిలబడ్డాడు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే కూతురు, బట్టలు కుట్టే తల్లి దగ్గర టేపు లాక్కుని ఆయన బొడ్డు మీదుగా చుట్టింది.

“నేనెక్కడ లాక్కున్నాను? నా నడుమే అంత. ముప్ఫై ఆరు.”

“నలభై ఒకటి.”

“నీ మొహం! మీ అమ్మ టేపు సాగిపోయింది.”

“నా టేపు జోలికి రాకండి.”

“సరే, టేపు మంచిదే. మరి నా డ్యూటీ ప్యాంటు? నాలుగేళ్ళుగా అదే. ఇప్పటికీ హాయిగా పడుతుంది బొత్తాం. అడుగు మీ అమ్మని!”

“అన్నం చల్లారిపోతోంది, రండి ఇద్దరూ.”

“ఆగమ్మా! నాన్నా, పరగడుపున షుగర్ ఎక్కువుంది. రక్తంలో కొవ్వు ఉండాల్సినదానికి రెట్టింపు. వాటికి ఈ నడుము తోడైతే గుండె మీదికొస్తుంది. మాత్ర వేసుకో.”

“వెయ్యను! మాత్రలు లావెక్కినవాళ్ళకి. మీ ల్యాబ్‌వాళ్ళు ఎవడి రక్తమో నాకు అంటగట్టారు.”

“తీసింది నేనే!”

“అయితే నీకే చేతకాలేదు!”

“చేతకాలేదా? ఏదీ, ఆ ప్యాంటు ఇలా తే.”

“దాన్ని ముట్టుకోకే, ఉతకాలి.”

“ఇస్త్రీ చేసి పెట్టావు కదమ్మా, మళ్ళీ ఉతకడమేంటి? ఇదేంటి... నడుంపట్టీ వెనక ఈ అతుకేంటి? పక్కన పాత కుట్ల గుర్తులు, ఇంకోటి, ఇంకోటి... అమ్మా! ఎన్నిసార్లు విప్పావు దీన్ని?”

“అన్నం చల్లారిపోతోందన్నానా!”

“ఏమే! నాకు మాటైనా చెప్పకుండానా?”

“ఎలా చెప్పను? మీ అన్నయ్య పోయిన రోజు మీరేమన్నారు? ‘వాడి ప్యాంట్లు బిగిశాయి, వాడు పోయాడు. నావి బిగిసిన రోజు నాకూ మూడినట్టే’ అన్నారా లేదా? అందుకే బిగవనివ్వలేదు!”

“తెలిసుంటే నోరు కట్టేసుకునేవాణ్ణి కదే!”

“మీరా! కట్టేసుకునే నోరేనా అది?”

“నీకసలు బుద్ధుందా అమ్మా? ఆయన నమ్మే హెచ్చరిక అదొక్కటే. దాన్నీ నువ్వే నొక్కేశావు! నాకెవరైనా ఇలా చేస్తే, చచ్చేదాకా మాట్లాడను!”

“మాట్లాడవూ?”

“మాట్లాడను!”

“అయితే టేపు ఇటిచ్చి, చేతులు పైకెత్తు. నీ యూనిఫాం ఎవరు వదులు చేస్తున్నారనుకున్నావు?”