ఆగని పెట్టె

గుంటూరు, బ్రాడీపేట. మేడ మీద గది. రెండువేల అయిదు, మే నెల, మధ్యాహ్నం. అక్క లక్ష్మీదుర్గ చీరాల పెళ్ళి నుంచి అప్పుడే దిగింది. తమ్ముడు సాయిగణేష్, గోడౌన్ నుంచి ఫోన్ లైన్లో అంకెలొచ్చే కంప్యూటరు ముందున్నాడు.

“ఆగిందా, ఆగలేదా? అది చెప్పక్కా ముందు.”

“నేనడిగింది అది కాదు.”

“నేనడుగుతున్నది అదే. నువ్వు పెళ్ళికెళ్ళి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో మిర్చి దాచే ఏసీ గోడౌన్లో, చలి చూసుకునే మన కంప్యూటరు పెట్టె ఒక్కసారన్నా ఆగిందా? సైరన్ ఒక్కసారన్నా మోగిందా? అంతకుముందు రోజుకి రెండుసార్లు బిగుసుకుపోయేది. ఓనరు ఫోన్లో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవాడు. ఇప్పుడు? పిలిచి కాఫీ ఇచ్చాడు. మిగతా గదుల్లో కూడా మన పెట్టెలే పెట్టిస్తానన్నాడు.”

“సంతోషం. వరస మార్చావా?”

“ఆగట్లేదంటుంటే...”

“వరస మార్చావా, లేదా?”

“బ్యాగు కింద పెట్టు. కాసిని మంచినీళ్ళు తాగు.”

“గణేశా!”

“అబ్బ, ఎందుకట్లా అరుస్తావ్? కింద మందులషాపు వాళ్ళు తలలెత్తి చూస్తున్నారు.”

“చూడనీ. వెళ్ళేముందు పలక మీద అక్షరాలు దిద్దించినట్టు చెప్పి వెళ్ళాను. కెర్నెల్లో మనం రాసిన దానికి తాళాలు రెండు. గది వేడి అంకెకి ఒకటి, కంప్రెసర్ మోటారుకి ఒకటి. తాళం చేతికొస్తేనే దాన్ని ముట్టుకోవాలి. వేడి చదివే పని, వేడి తాళం పట్టుకుని మోటారు తాళం కోసం నిలబడుతుంది. మోటారు నడిపే పని, మోటారు తాళం పట్టుకుని వేడి తాళం కోసం నిలబడుతుంది. రెండూ ఒకేసారి వస్తే?”

“తెలుసు.”

“తెలిస్తే చెప్పు.”

“ఇదీ వదలదు, అదీ వదలదు. దాని మొహం ఇది, దీని మొహం అది చూసుకుంటూ కూర్చుంటాయి. పెట్టె బిగుసుకుపోతుంది. నన్ను బెంచీ ఎక్కించి అడక్కు.”

“పాత కంప్యూటర్లో ఏడాదిపాటు ఎందుకు రాలేదు ఈ గొడవ?”

“దానికి ప్రాసెసర్ ఒకటే. కొత్తదానికి రెండు. ఒకే బుర్ర ఉన్నప్పుడు తగాదా ఎవరితో? అన్నీ తెలుసక్కా. ఓనరుక్కూడా చెప్పాను. కెర్నెల్లో చిక్కు పడిందండీ అంటే, ఎవడా కెర్నెలు, బయటికి పిలువు, నేను మాట్లాడతానన్నాడు. కంప్యూటరుకి మేస్త్రి లాంటిదండీ, అందరికీ పని పంచేది అదేనండీ అన్నాను. అయితే మేస్త్రిని మార్చు అన్నాడు.”

“నాకు నవ్వు రావట్లేదు. నేనేం చెయ్యమన్నాను?”

“ఎవరొచ్చినా ముందు వేడి తాళం, ఆ తర్వాతే మోటారు తాళం. ఎక్కడైనా అదే వరస. చెప్పావు. కళ్ళం కథ కూడా చెప్పావు, వెయ్యోసారి. నాన్న చేతిలో కాటా, పెదనాన్న చేతిలో తూకం రాళ్ళు. నువ్వు రాళ్ళివ్వు అంటే నువ్వు కాటా ఇవ్వు అని చెరో పక్కన భీష్మించుకు కూర్చున్నారు. వానొచ్చి మిరపకాయంతా తడిసినా లేవలేదు. ఆ తర్వాత నాయనమ్మ కట్టడి చేసింది, కాటా చేతికి రాకుండా రాళ్ళ మీద ఎవడూ చెయ్యి వెయ్యకూడదని.”

“ఇంత బాగా వచ్చు నీకు. మరి చేశావా?”

“పెట్టె ఆగట్లేదు.”

“ఒరేయ్!”

“చెయ్యలేదు! చాలా? చెయ్యలేదు. మోటారు సగం రాసింది నేను. వేడి సగం రాసింది నువ్వు. నీ వరస నీది, నా వరస నాది. మారాల్సి వచ్చేసరికి నాదే ఎందుకు మారాలి? ఎప్పుడూ నీదే ఒప్పు, నాదే తప్పు.”

“నాదే ఉండాలని ఎవరన్నార్రా? ఏదో ఒకటి ఉండాలి! నీ వరసే ఉంచు, నాది నేను మార్చుకుంటానని ఒక్క ఫోన్ చేసుంటే పెళ్ళిపందిట్లో కూర్చుని మార్చిచ్చేదాన్ని కాదూ?”

“ఆ టైమెక్కడిది? సాయంత్రానికి బాగుపడకపోతే పెట్టెని రోడ్డు మీద పారేస్తా, దానికి పూచీ పడ్డ మీ మావయ్యని కూడా దాని వెనకే పంపిస్తానన్నాడు ఓనరు. అక్కడి మోటార్లు చూసుకునే చలమయ్య మావయ్య అక్కడే నిలబడున్నాడు, కండువా నలుపుకుంటూ. మా అక్క పిల్లలండీ, బాగా చదువుకున్నారండీ, చేస్తారండీ అంటున్నాడు. ఆయన మొహం చూడలేకపోయా.”

“అందుకని ఏం చేశావు?”

“మోటారు పని వేడి తాళం అడిగే చోట...”

“ఊఁ.”

“ఆ తాళం తీసేశా.”

“ఏం చేశావూ?”

“తీసేశానక్కా! అంకె చూసి పోవడమే కదా, దానికి తాళం దేనికి? రెండో తాళం అడగనే అడగనప్పుడు తగాదా ఎట్లా వస్తుంది? రాలేదుగా?”

“చూసి ఊరుకుంటుందా అది? చూశాక, కొత్త అంకె వచ్చిందన్న గుర్తు చెరపదూ? అది రాయడం కాదూ?”

“అదీ... అదంత చూడలేదు.”

“కాటా పట్టుకుని ఒకడు తూస్తుండగా ఇంకొకడొచ్చి రాళ్ళు మార్చి పోతే ఏమవుతుంది?”

“తగాదా అయితే రాదు.”

“తగాదా రాదు! తూకం?”

“తూకానికేం?”

“తూకం ఏమవుతుందిరా?”

“అరవకుండా చెప్పక్కా.”

“అవతల కొత్త అంకె రాసి గుర్తు పెట్టే క్షణంలో నీ మోటారు పని వచ్చి ఆ గుర్తు చెరిపేస్తే, ఇక కొత్త అంకె వచ్చిన సంగతి ఎవరికీ తెలీదు. మోటారు పని తీసుకున్నానంటే గానీ వేడి పని ఇంకో అంకె చదవదు, పాత అంకే నిలబడిపోతుంది. పెట్టె ఆగదు. సైరన్ మోగదు. హాయిగా నడుస్తూ అబద్ధం చెబుతుంది. ఇప్పుడెంతుంది మన పెట్టె ఉన్న మూడో గదిలో?”

“నాలుగు. నాలుగు డిగ్రీలే ఉండాలిగా.”

“పొద్దున?”

“నాలుగు.”

“నిన్న?”

“నాలుగక్కా.”

“కంప్రెసర్ ఆగితే అంకె లేవాలి, తిరిగితే దిగాలి. మనిషి ఊపిరి తీసుకున్నట్టు పైకీ కిందికీ ఆడుతుండాలి. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఒక్కసారన్నా అయిదైందా?”

“కాలేదు.”

“పెట్టె ఆఖరిసారి కంప్రెసర్ని తిప్పమంది ఎప్పుడు?”

“చూస్తున్నా. చూస్తున్నాను, మీద పడకు... మొన్న సాయంత్రం.”

“ఆ తర్వాత?”

“తర్వాత లేదు. నాలుగుంటే ఎందుకు తిప్పమంటుంది?”

“నాలుగుందని ఎవరు చెప్పారు?”

“పెట్టె... అయ్యో. అక్కా!”

“అక్కా అనకు. మన ఊరి కాయంతా ఆ గదిలోనే ఉందిరా! టిక్కీలు, అన్నన్ని బస్తాలు, పైకప్పు దాకా పేర్చి, తలుపు బిగించి వచ్చారు. కళ్ళంలో అమ్మితే గిట్టదని, రేటొచ్చేదాకా ఆగుదామని, అప్పులవాళ్ళకి మొహం చాటేసి మరీ దాచుకున్నారు. వేడెక్కి చెమట పట్టిందంటే రంగు పోయి తాలు కాయల్లో కలుస్తుంది. ఎవడు కొంటాడు?”

“నేను అంత దూరం ఆలోచించలేదు.”

“ఆగితే బాగుండేది. ఆగితే సైరన్ మోగేది, మావయ్య పరిగెత్తుకెళ్ళి చేత్తో మోటారు వేసేవాడు. ఆ ఒక్క ఆధారం కూడా లేకుండా చేశావు. ఫోన్ చెయ్ మావయ్యకి. మనం కొనిచ్చిన సెల్లు ఆయన జేబులోనే ఉంటుంది.”

“నువ్వే మాట్లాడు.”

“స్పీకర్ నొక్కు. నువ్వూ విను. ... మావయ్యా! నేను, దుర్గని. వినపడుతోందా?”

“వినపడుతోందమ్మా. బాగా వినపడుతోంది. పెళ్ళి బాగా జరిగిందా?”

“పెళ్ళి సంగతి తర్వాత. నువ్వు వెంటనే మూడో గది తలుపు తీసి లోపలికెళ్ళు. చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉందో లేదో.”

“ఇప్పుడు కుదరదమ్మా.”

“ఎందుకు కుదరదు?”

“పని మీదున్నాను.”

“ఇదే కదా నీ పని!”

“అట్టా అరవకమ్మాయ్. చుట్టూ మనుషులున్నారు. నువ్వు గుసగుసగా చెప్పినా నాకు వినపడుతుంది. మీ గదిలో ఫ్యాను కొట్టుకుంటున్న చప్పుడు కూడా వినపడుతోంది.”

“ఫ్యాను సంగతి ఎవరడిగారు మావయ్యా? మొన్నటినుంచీ ఆ గదిలో అడుగు పెట్టావా లేదా?”

“లేదు.”

“ఎందుకని?”

“ఊరికే తలుపు తీస్తే చలంతా పోతుందన్నారు. సైరన్ మోగితేనే వెళ్ళమన్నారు. మోగలేదు.”

“అయ్యో రామా... ఆగు. ఆగాగు. నీ వెనక మోటార్ల చప్పుడు లేదేంటి? మామూలుగా నువ్వు మాట్లాడితే సగం మాటలు ఆ హోరులో కొట్టుకుపోతాయిగా. అన్నీ ఆగిపోయాయా ఏంటి?”

“మోటార్ల గురించి నన్నడగొద్దు.”

“నిన్ను కాక ఎవర్నడగాలి? వాటి పక్కనే తిన్నావు, వాటి పక్కనే పడుకున్నావు.”

“అడగొద్దన్నానా! ఇంక ఆ మిషన్ల మాట నేనెత్తను. ఎత్తినందుకు చాల్లే, జరిగింది మర్యాద. హమాలీలందరి ముందూ జరిగింది.”

“ఎవరేమన్నారు మావయ్యా? నేను, గణేష్‌ని.”

“నువ్వా? నువ్వు బాగా చేశావురా అబ్బాయ్. నలుగుర్లో నా మాట నిలబెట్టావు. ఆగకుండా నడుస్తోంది.”

“అది కాదు మావయ్యా, అది అసలు...”

“మొహమాటానికి అనట్లేదురా. ఓనరు కూడా ఒప్పుకున్నాడు. చలమయ్యా, మీ పిల్లలు గట్టివాళ్ళయ్యా అన్నాడు. అదే నోటితో నన్నన్నది వదిలెయ్. వయసు మీద పడింది, పడ్డాక అంటారు.”

“ఏమన్నాడు?”

“చెప్పను. మీ అత్తకి కూడా చెప్పలేదు. మంచి పంచె కట్టుకుని ఎక్కడికంటే మిర్చి యార్డుకి పోతున్నానని చెప్పొచ్చాను.”

“మావయ్యా, నీకు దణ్ణం పెడతా. నువ్వెక్కడున్నా సరే, ఆటో ఎక్కి గోడౌనుకెళ్ళు. పెట్టె మాట నమ్మొద్దు. అది...”

“చలమయ్య గారూ! చలమయ్య గారెవరండీ? చీటీ తీసుకుని లోపలికి రండి.”

“ఎవరది? ఎవరు పిలుస్తున్నారు నిన్ను? ఎక్కడున్నావసలు?”

“ఇక్కడే, మీ బ్రాడీపేటలోనే. మీ వీధి తర్వాత వీధి.”

“గోడౌను వదిలేసి బ్రాడీపేటలో ఏం పని నీకు?”

“చెవుల డాక్టరు దగ్గరకొచ్చానమ్మా. మూడో గది కంప్రెసర్ చప్పుడు మొన్న సాయంత్రం నించీ వినపడట్లేదండీ, ఓసారి తలుపు తీద్దామండీ అంటే, ఓనరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పెట్టె చూపించాడు. నాలుగే ఉందిగా, అది తిరుగుతూనే ఉంది, నీకే చెవుడొచ్చింది చలమయ్యా అన్నాడు. పెట్టె చేసింది మన పిల్లలే కదా, అదెందుకు అబద్ధం చెబుతుందని... నాకే వచ్చిందనుకున్నానమ్మా.”