బేకరీ ఆవిడ నడుము

అత్త నడిపే దర్జీ దుకాణం. కుట్టు మిషన్ పక్కన కంప్యూటర్, దాని ముందు కోడలు.

“‘బేకరీ నడుము’ అని కొట్టి, పక్కన ముప్పై నాలుగు కొట్టావా?”

“కొట్టాను అత్తయ్యా. తప్పంటోంది.”

“ముప్పై మూడున్నర?”

“అదీ తప్పే. అసలు మెయిల్ పాస్‌వర్డ్‌గా బేకరీ ఆవిడ నడుమేంటండీ!”

“పుట్టినరోజులు పెట్టొద్దని నువ్వే కదా అన్నావు. ఎవరూ ఊహించలేనిది పెట్టమన్నావు.”

“మీరే ఊహించలేకపోతున్నారు కదా!”

“నేనేం చెయ్యను? ఆవిడ పొద్దున్నే నడక మొదలెట్టింది. వచ్చినప్పుడల్లా తగ్గుతోంది. కంప్యూటర్‌లో కొత్త కొలత ఎక్కించి పాతది తీసేశాను.”

“కరెంటు బిల్లుది?”

“పోస్ట్‌మ్యాన్ భుజాలు. అది పెడితే ‘బలహీనంగా ఉంది’ అంది కంప్యూటర్. రోజూ అంత సంచీ మోసే మనిషి! దానికేం తెలుసు?”

“నవ్వించకండి. నర్సుల యూనిఫాంల ఆర్డర్ ఈ మెయిల్‌కే వచ్చింది. సాయంత్రంలోగా సరేనని రాయకపోతే పోతుంది. పోయిన నెల ఒకటి పోయింది. ఇంకోటి పోతే దుకాణం మూసేసి ఇంట్లో కూర్చోమంటారు మీ అబ్బాయి.”

“వాడి మాట ఎత్తకు. కూర్చోడానికి నా దగ్గర స్టూలుంది, మిషన్ ముందు.”

“పాస్‌వర్డ్ మరిచిపోయామని నొక్కాను. మీ ఫోన్‌కి ఒక నంబరు వచ్చుంటుంది, చదవండి. ఆ... తెరుచుకుంది. సరేనని రాసేశాను. ఇక ఈ పరుగులు వద్దు. పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే మేనేజర్ ఒకటి ఎక్కిస్తాను.”

“మేనేజరా? జీతమెంత?”

“మనిషి కాదండీ! మూడు రకాలున్నాయి. ఒకటి బ్రౌజర్‌లోనే ఉంటుంది.”

“అంటే కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటే వాళ్ళకి తెరుచుకుంటుందా?”

“దాదాపు అంతే.”

“వద్దు. జిప్పు కోసం వచ్చినావిడ కూడా ఇక్కడే కూర్చుని బస్సు టైము చూసుకుని పోతుంది. ఇంకోటి చెప్పు.”

“రెండోది కంపెనీ వాళ్ళ దగ్గర దాస్తుంది. ఫోన్‌లోనూ కనిపిస్తుంది.”

“నా తాళంచెవులు వాళ్ళింట్లోనా?”

“తాళం వేసిన పెట్టెలో పెట్టి ఇస్తాం. వాళ్ళు కూడా తెరవలేరు.”

“తెరవలేని పెట్టెని ఊరికే మోస్తారా? అంత మంచివాళ్ళా?”

“ఏడాదికోసారి చందా కట్టాలి.”

“అలా చెప్పు. మూడోది?”

“మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఉచితం. కంప్యూటర్ పాడైతే మాత్రం అన్నీ పోతాయి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఇంట్లో పెట్టుకోవాలి.”

“కత్తిరింపు నమూనాలు నేను రెండు చోట్ల పెట్టట్లేదా? ఇదే ఎక్కించు.”

“ఎక్కించేశా. ఇక మీకు ఒక్క పాస్‌వర్డ్ గుర్తుంటే చాలు. అదే మరిచిపోతే ఫోన్‌కి నంబరు రాదు, ఏమీ రాదు. మెయిలు, ఆర్డర్లు అన్నీ లోపలే.”

“భయపెట్టకే.”

“అందుకే మారనిది పెట్టండి.”

“నీ కొలత పెట్టనా?”

“వద్దు.”

“ఏం?”

“వద్దన్నాను కదా.”

“నాలుగు జాకెట్లు వదులు చెయ్యమని సంచిలో అడుగున పెట్టావు. చూశాలే.”

“సంగతికి రండి అత్తయ్యా! మారకూడదు, ఎవరికీ తెలియకూడదు, పొడుగ్గా ఉండాలి.”

“...మీ మావయ్యది పెడతాను. మెడ, భుజం, ఛాతీ, చెయ్యి, పొడవు. వరసగా.”

“మధ్యలో మాటలు కూడా పెట్టండి, గట్టిగా ఉంటుంది. కానీ మావయ్యగారి కొలతలు ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి కదా. నేనే ఎక్కించాను. మీ అబ్బాయీ చూశారు.”

“అవి కావు. చివరివి.”

“చివరివంటే?”

“మంచం పట్టాకవి.”

“అప్పుడు టేపు పెట్టి కొలవనిచ్చారా ఆయన?”

“టేపెందుకు? ఉతికిన చొక్కాలు ఇక్కడికి తెచ్చి పక్కలు లోపలికి పట్టి కుట్టేదాన్ని. కొంచెం కొంచెం. మెడ గుండీ జరిపేదాన్ని.”

“అయ్యో... ‘చూడమ్మాయ్, చొక్కా ఎప్పటిలాగే పట్టింది, నేనేం తగ్గలేదు’ అనేవారు నాతో.”

“నాతోనూ అనేవారు. నువ్వు కాస్త అటు తిరుగు, పాస్‌వర్డ్ కొడతాను. ఆ కొలత ఆయనక్కూడా తెలీదు.”