ఒకవేళమ్మ

కూతురు ఇంట్లో మరిచిపోయిన ఫోను ఇద్దామని కాలేజీకి వచ్చిన తల్లి, కూతురు చెప్పే తత్వశాస్త్రం క్లాసు అయ్యాక ఆమె గదిలో కుర్చీ అంచున కూర్చుంది.

"అసలెక్కడ కూర్చున్నావు నువ్వు? నాకు కనబడనే లేదు."

"వెనక బెంచీలో. ప్యూను కూర్చోమన్నాడు. నువ్వు బోర్డు వైపు తిరిగి ఉన్నావు."

"ఎప్పట్నుంచి?"

"ఒకవేళమ్మ దగ్గర్నుంచి."

"అమ్మా..."

"పేరు బాగా కుదిరింది. ఫోనెత్తకపోతే ఒకవేళ లారీ కింద పడ్డారేమో అనుకునే ఆవిడ, దగ్గొస్తే ఊపిరితిత్తులు పోయాయనుకునే ఆవిడ. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, ఎవరో పాపం అనుకుని."

"అది ఉదాహరణ అమ్మా. భయం వేరు, కారణం వేరు అని చెప్పాలంటే ఎవరో ఒక మనిషి కావాలి కదా. నీ పేరు చెప్పలేదు, ఏమీ చెప్పలేదు."

"మీ నాన్న సంగతి చెప్పావుగా."

"అదీ విన్నావా?"

"ఆ పొద్దున మా ఇద్దరికీ మాటల్లేవు. రోజూ గుమ్మం దాకా వచ్చి జాగ్రత్త అనేదాన్ని, ఆ రోజు అనలేదు. మనిషి మళ్ళీ గడప తొక్కలేదు. ఈ మాట మా అక్కకి కూడా చెప్పుకోలేదే నేను. నీకొక్కదానికే చెప్పాను."

"తెలుసమ్మా."

"తెలిసే చెప్పావా?"

"నీ తప్పు లేదనే చెప్పాను. నువ్వు జాగ్రత్త అన్నా ఆ లారీ ఆగదు, అనకపోయినా ఆగదు. దానికీ దీనికీ సంబంధం లేదని పిల్లలకి విడమర్చి మరీ చెప్పాను."

"ఇన్నేళ్ళలో ఆ ముక్క నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే..."

"ఇప్పుడు బస్సెక్కి వెళ్తున్నావే, రేపు ఆ సదస్సులో చదివేదాంట్లో కూడా ఉన్నానా?"

"అంటే... వ్యాసమంతా దాని మీదే నడుస్తుంది."

"తీసెయ్యవే."

"తీసేస్తే ఇంకేం మిగలదమ్మా. అచ్చుకి కూడా ఒప్పుకున్నారు. నీకు అర్థం కాదు."

"అవును. నాకు అర్థం కాదు. ఇదిగో నీ ఫోను, చార్జింగ్ పెట్టే తెచ్చాను. బస్సు టైమైంది, బయల్దేరు."

"కోపమా?"

"నాకెందుకు కోపం?"

"వెళ్ళొస్తా మరి."

"ఊఁ."

"వెళ్తున్నానమ్మా."

"వెళ్ళమన్నాగా."

"దారంతా కొండ మలుపులే. వాన కూడా ఉందంటున్నారు."

"అంటున్నారు."

"అమ్మా, నువ్వేదో మర్చిపోయావు."

"ఏం మర్చిపోలేదు. దానికీ దీనికీ సంబంధం లేదన్నావుగా."

"లేదు. లేదనే అన్నాను. అయినా ఒక్కసారి అనవే అమ్మా... ఒకవేళ..."