గుమ్మం రాయి నేనే చెక్కాను

నా పేరు, భర్త పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు నలభై ఆరు. బట్టలు కుడతాను. వీధిలో అందరూ టైలరక్క అంటారు. ఎవరి బలవంతమూ లేకుండా ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట చెబుతున్నాను.

మేం ఉంటున్న ఇల్లు జిల్లాలో రక్షించాల్సిన పాత కట్టడమని మూడేళ్ళ కిందట ప్రకటించారు. గోడకు ఇత్తడి పలక బిగించారు. అప్పటి నుంచి మేకు కొట్టాలన్నా పాత కట్టడాల ఆఫీసు అనుమతి కావాలి. ఆదివారాలు గైడు జనాన్ని తీసుకొచ్చి ముందు గుమ్మం రాతి మీద చెక్కిన తీగలు చూపిస్తాడు. వాళ్ళు కిటికీ దగ్గర కూర్చున్న మా అత్తగారిని కూడా ఫొటోలు తీసుకుంటారు. "నేనూ పాతదాన్నే, నా నుదుట కూడా ఒక పలక కొట్టమనవే" అని ఆవిడ నవ్వేవారు.

పోయిన ఏడాది అత్తగారికి తుంటి ఎముక విరిగింది. వీల్‌చైర్ కొన్నాం. అది ముందు గుమ్మంలో పట్టలేదు. పెరటి వైపు నిటారు మెట్లు. ఒకసారి నేనూ మా ఆయనా ఆవిడను ఎత్తుకుని దించబోయి జారవిడిచాం. అదే ఎముక మళ్ళీ విరిగింది. ఇక ఎత్తితే ఊరుకోనన్నాడు డాక్టరు. గుమ్మం నాలుగు వేళ్ళు వెడల్పు చేసుకుంటామని అర్జీ పెట్టాను. కట్టడం రూపు మారుతుందని తిప్పి పంపారు.

ఎదురింట్లో అత్తగారి చెల్లెలు ఉంటారు. ఇద్దరూ చెరో కిటికీలో కూర్చుని కేకలేసుకుంటూ మాట్లాడుకునేవారు. ఏం కూర వండారు, ఎవరికి జ్వరం, చిన్నప్పటి తగాదాలు, అన్నీ వీధంతా వినేది. పోయిన వారం ఆ చెల్లెలికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచం దిగలేదు. మా అత్తగారు మాత్రం పొద్దున లేస్తే కిటికీలోంచి "చెల్లీ" అని పిలిచేవారు. జవాబు రాదని తెలుసు. తెలిసీ పిలిచేవారు.

మంగళవారం ఉదయం పది గంటలకు ఉలి, సుత్తి తీసుకుని గుమ్మం ఎడమ పక్క రాయి చెక్కడం మొదలుపెట్టాను. మా ఆయన తల పట్టుకుని "జైల్లో పెడతారే" అన్నాడు. "పెట్టనీ. ముందు కుర్చీ పట్టుకో" అన్నాను. మూడు గంటలకు కుర్చీ వీధిలో ఉంది. నేనే తోసుకెళ్ళాను. ఎదురింట్లో చెల్లెలి మంచం పక్కన కుర్చీ ఆపాను. అత్తగారు చెల్లెలి జడ విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లారు.

రాయి పాతబడి దానంతటదే రాలిందని చెబితే కేసు తేలికవుతుందని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. నా మంచికే చెప్పారు. కానీ అది రాలే రాయి కాదు. నా అరచేతుల బొబ్బలు చూపించాను. ఆ తీగలు నాకూ ఇష్టమే, రోజూ తుడిచింది నేనే. పోయినందుకు బాధగా ఉంది. తప్పు చేశానని మాత్రం అనుకోవడం లేదు. రాయి అతికించి గుమ్మం మళ్ళీ ఇరుకు చేస్తే మళ్ళీ చెక్కుతాను.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "పొరపాటున" అని ఉంటే కొట్టేయించి, పక్కన సంతకం పెట్టాను. మిగతాదంతా నేను చెప్పిందే, నిజమే.

(సంతకం)