చల్లగది తలుపు

2006 వేసవి. చింతామణి దగ్గరి ఒక పల్లె. పాల డైరీ కార్యదర్శి బయ్యప్ప చల్లగది తలుపుకు ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా అన్న కూతురు అంబిక, ఎమ్మెస్సీ చదివే పిల్ల. చేతిలో మూత పెట్టిన గాజు బీకరు.

“పాలల్లో కలపమన్లేదు గదా చిన్నాయనా! క్యాన్ల పక్కన ఒక మూల పెట్టుకుంటా. ఈ ఒక్క రాత్రికే.”

“ఇంట్లో ఫ్రిజ్ లేదామ్మా?”

“ఫ్రిజ్ ఉండాది, కరెంటే లేదు. కాలేజీలోనూ అంతే. మీకైతే జనరేటరు ఉండాది, గుడుగుడు అంటానే ఉండాది.”

“అది సరే, అందులో తేలేదేంది? పేగు మాదిరి ఉండాదే!”

“సన్న సంచి. అనపగింజలు నానబెట్టి, రుబ్బి, వడగట్టినా. ఒక ఉప్పు వేస్తే ప్రోటీనంతా అడుక్కు దిగె. ఇప్పుడా ఉప్పు పోవాల. ఉప్పు చిన్నది, సంచిలోంచి బయటి నీళ్ళలోకి జారిపోతాది. ప్రోటీన్ పెద్దది, లోపలే నిలుస్తాది.”

“అనపగింజలా! మీ పిన్నమ్మకిచ్చింటే పులుసు పెట్టుండేది.”

“చిన్నాయనా!”

“ఊరోళ్ళు చూస్తే? పాల పక్కన ఏందో మందు పెట్టినాడంటారు.”

“ఎవరు చూస్తారు? నువ్వు తలుపు తీస్తే గదా!”

“తాళం చెవి నా దగ్గర లేదు.”

“మరి జోబిలో ఏందది?”

“అదా... ఇంటిది. కాఫీ తాగుతావా, పాలు లేకుండా?”

“నల్ల కాఫీనా? డైరీలో కూచోని?”

“డాక్టరు పాలొద్దనె.”

“ఏడాదంతా చేసిన పని చిన్నాయనా. మళ్ళీ మొదట్నుంచి చేస్తానంటే మా మేడమ్ ఒప్పుకోదు. ఈ ఎండకు బయట పెడితే చెడిపోతాది, పాలు విరిగినట్ల...”

“పాల మాట ఎత్తొద్దు!”

“ఎందుకట్ల అరుస్తావు?”

“అరిచినానా? లేదే. నవ్వుతాండా.”

“చెమటలు కారతాండాయి నీకు.”

“ఎండమ్మా, ఎండ.”

“చల్లగదికి ఆనుకోని కూచుంటే ఎండా? లెయ్. తలుపు సందులో చెయ్యి పెట్టి చూస్తా.”

“వద్దు, అంబికా, వద్దు!”

“చల్లగాలే లేదే... చిన్నాయనా, ఈ పుల్లటి వాసనేంది?”

“మెల్లగా, తల్లీ, మెల్లగా! తెల్లారుతానే చల్లబెట్టే మిషను ఆగిపోయె. మెకానిక్కు ఇంకా రాలా. ఊరందరి పాలు లోపల విరిగిపోతాండాయి, బయట నేను నవ్వుతా కూచోనుండా.”