ఆస్ట్రేలియా పులి

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. జనగామలో జిరాక్స్ దుకాణం పెట్టుకుని తన మానాన తాను బతికే సంజీవను పట్టుకొచ్చి ఠాణాలో కూర్చోబెట్టారు. ఎదురుగా కోస్తా నుంచి వచ్చిన ఎస్సై, పక్కన కానిస్టేబుల్ దుర్గయ్య. పాపం, సంజీవ రెండు చేతులూ జోడించి మొత్తుకుంటున్నాడు.

“బిళ్లలు సార్! వెండి బిళ్లలు! నేను జమ చేస్త.”

“కథలు చెప్పకయ్యా. హోటల్లో టీ తాగుతూ ఫోన్లో ఏమన్నావు? దుర్గయ్యా, చెప్పు.”

“‘శ్రీపాలన్నా, డోర్నకల్‌ల రెండు పులులు దిగినయా? ఏనుగును రైల్ రోకో అయినంక పంపు’ అన్నడు సార్. నా చెవులతోని ఇన్న.”

“దిగినయ్ సార్, పార్శిల్‌ల! శ్రీపాలన్న నాకు బిళ్లలు తెప్పిస్తడు. పులేమో ఆస్ట్రేలియాది, ఏనుగేమో సోమాలియాది.”

“ఆస్ట్రేలియాలో పులులున్నాయా?”

“లేవు సార్.”

“విన్నావా దుర్గయ్యా?”

“ఇన్న సార్. లేవంటున్నడు.”

“లేని పులికి వాళ్లు వెండి నాణెం ఎందుకు వేస్తారయ్యా?”

“నా అసొంటోళ్లు కొంటరని సార్. ఒక దిక్కు పులి, ఒక దిక్కు రాణి...”

“రాణి! రాణెవరు? మహిళా విభాగమా?”

“ఇంగ్లండు రాణి సార్!”

“ఓరి నాయనో, ఉద్యమం అక్కడిదాకా పాకిందా?”

“మా అవ్వ మీద ఒట్టు సార్, ఉద్యమానికీ నాకూ ఏం సంబంధం లేదు. మొన్న మా వాడకట్టంత రోడ్డు మీద వంటావార్పు చేస్తుంటె, నేను పోస్టాఫీసుకు పోయిన, బిళ్లొచ్చిందేమో చూద్దామని. గా దినం సంది మా రజిత నాతోని మాట్లాడుతలేదు.”

“ఎందుకూ?”

“‘నువ్వు మొగోనివేనా?’ అన్నది సార్. గదే ఆఖరు మాట. అన్నం గిన్నె ముంగట వెట్టి మొఖం తిప్పుకుంటది. ఇంట్ల ఉండబుద్ధయితలేదు.”

“సార్, డోర్నకల్ సంది వీని పార్శిల్ పట్టుకొచ్చిన్రు. ఇప్పమంటరా?”

“విప్పు దుర్గయ్యా.”

“దుర్గన్నా, నీకు దండం, బిళ్ల మొఖం ముట్టకు! ఏలిముద్ర వడ్తే ఖరాబైతది! అంచు వట్టుకో!”

“పులిని అంచు పట్టుకోవాలా! ఏదీ, ఇలా తే... హుఁ. పులే. ఇదీ పులే. వెనకాల రాణిగారు. ఛీ, పొద్దున్నించీ నా బుర్ర తినేశావు కదయ్యా. తీసుకుని ఫో.”

“దండం సార్, బతికిచ్చిన్రు... దుర్గన్నా, బయట గా లొల్లేంది?”

“నీ గురించేనే. రైల్ రోకో కేసుల దొరికినవని టీ కొట్టు కాడ నోరు జారిన. మీ వాడకట్టోళ్లంత గేటు ముంగట కూసున్నరు. ‘మా సంజీవను ఇడువాలె’ అని ఒకటే ఒర్లుడు.”

“నన్నా? నా కోసమా? ముంగట ఎవరున్నరు?”

“మీ రజితనే. గొంతు వోయింది, అయినా ఆపుతలేదు. చేతుల పూలదండ గూడ ఉన్నది.”

“దండనా? నాకా?”

“ఇంకా నిలబడ్డావేంటి? పద, నేనే వచ్చి వాళ్లకు చెప్తాను. ఇతను నాణేల పిచ్చోడు, ఉద్యమంతో ఏ సంబంధమూ లేదని.”

“వద్దు సార్! మీ కాల్మొక్త, గా మాట అనకుండ్రి!”

“ఏమిటయ్యా నీ గోల? వదిలేస్తే వెళ్లవేం?”

“గా బిళ్లలు మీ సొరుగుల ఏయుండ్రి సార్, ఎవ్వలకు చూపెట్టకుండ్రి. ఆఁ, తలుపు జర దగ్గరకెయ్యి దుర్గన్నా. సార్, మీరు గా లాఠీతోని బల్లను గట్టిగ కొట్టుండ్రి, నేను జై తెలంగాణ అని ఒర్లుత.”