దాలమ్మ బుగ్గ

ఆసిరమ్మని ఎరుగుదురా మీరు, జీడిపప్పు ఫేక్టరీలో పొట్టు తీస్తాది? దానికి ఎదర దాలమ్మ కూకునీది. పద్నాలుగేళ్ళు అలాగే ఒకరి మొకం ఒకరు చూసుకుంటా కూకున్నారనుకో. ఆ ఫేక్టరీలో ఓ పద్ధతుంది, నవ్వకండి, పని చేసినంతసేపూ ఆడోళ్ళు పాడాల. ఎందుకంటే పాడతన్న నోట్లో పప్పు వేసుకోలేరు గదా. మేస్త్రీ సింహాద్రి కనిపెట్టిన తెలివంట అది. దాలమ్మ పాట ఎత్తుకునీది, ఆసిరమ్మ అందుకునీది. ఆ గొంతు వింటే నా చెయ్యి దానంతటదే ఆడీది అని ఆసిరమ్మ ఇప్పటికీ అంటాది.

ఏమైందంటే, దాలమ్మకి దవడపన్ను పుచ్చిపోయింది. నొప్పంటే ఇంటికి పంపేస్తారని భయం. అంతకు ముందు ఒకమ్మని అలాగే పంపీసి మళ్ళీ పిలవనేదంట. అందుకని ఆసిరమ్మ చెవిలో, "ఒసే, ఎవరికీ సెప్పకే, ఒట్టు," అంది. లవంగం నొక్కుకుని పది రోజులు పాడింది. పదకొండో రోజు బుగ్గ ఉబ్బిపోయింది, పాట ఆగిపోయింది. సింహాద్రి చూసేడు. పాడదు, బుగ్గ చూస్తే ఇంత, గుప్పెడు పప్పు దాచీసిందని ఆడి లెక్క. "నోరు తెరువు," అన్నాడంట అందరి ముందరా. దాలమ్మ తెరవనేదు. నిప్పున్న కొస నోట్లోకెట్టి చుట్ట కాల్చీ అలవాటు దానికి, పళ్ళన్నీ నల్లబడిపోయాయి, నలుగురిలో సూపించుకోడానికి సిగ్గు. ఆసిరమ్మ కేసి చూసింది. ఆసిరమ్మ తల దించుకుని పప్పు ఒలస్తంది, ఒట్టేసింది గదా మరి. దాలమ్మ చేట పక్కనెట్టి లేచి ఎల్లిపోయింది. మళ్ళీ రానేదు.

అప్పట్నించి ఆసిరమ్మకి అన్నం సయించనేదు బాబూ. నోరు తెరిస్తే పాట రాదు, ఏడుపొస్తాది. సింహాద్రి ఒచ్చి, "నీ నోట్లో కూడా పప్పుందేటి?" అన్నాడంట. ఇంక ఆగనేకపోయింది. "దాని నోట్లో ఉన్నది పప్పు కాదు, పుచ్చిన పన్ను," అని యజమానమ్మ వినీలాగ చెప్పీసింది. యజమానమ్మ మంచిదే పాపం, వారం తిరక్కండా పళ్ళ డాక్టరమ్మని ఫేక్టరీకే తెచ్చింది. నలభైమందిలో ముప్పైమందికి పుచ్చుపళ్ళేనంట. ఇప్పుడు మూణ్ణెల్లకోసారి వస్తాది, అందరి నోళ్ళూ చూస్తాది, నొప్పున్నోళ్ళకి కూలి కోయకండా సెలవు. సింహాద్రికి నాలుగు పళ్ళు పీకింది. నాకు మటుకు జాలెయ్యనేదు.

ఈ కబురంతా మోసుకుని ఆసిరమ్మ ఆదివారం దాలమ్మ ఇంటికెళ్ళింది. దాలమ్మ అప్పటికే పెద్దాసుపత్రిలో పన్ను పీకించీసుకుంది, బుగ్గ తగ్గిపోయింది, వాకిట్లో చేపలు ఎండేస్తంది. కూకోమంది. "యజమానమ్మ రమ్మంది అప్పా, ఆడు కూడా తప్పైపోయిందన్నాడు," అంటే, "ఆడి మీద నాకేటి కోపం? ఆడెవడు?" అందంట. మరి నా మీదా అప్పా, నువ్వే గదా సెప్పొద్దన్నావు అంది ఇది. దాలమ్మ చేతిలో చేప అలాగే పట్టుకుని, "సెప్పొద్దన్నాను. అయినా సెప్తావనుకున్నాను," అంది.

అదీ సంగతి. ఒట్టు కోసం మనిషిని పోగొట్టుకుందని నేనంటాను, కాదు, పని పోతాదని భయపడి ఊరుకుందని మా కోడలంటాది. మీరేటంటారో మీ ఇష్టం. ఆసిరమ్మ మటుకు ప్రతి ఆదివారం ఎల్తానే ఉంది.